పడని పదార్థములు : ఎలర్జీ చరిత్రలో కొన్ని ఘట్టములు

‘ఎలర్జీ’ అనే మాట మనకు చేరకముందే తెలుగులో ‘పడదు’ అనే మాట ఉన్నది. వంకాయ పడదు, రొయ్యలు పడవు, అగరువత్తుల పొగ పడదు అంటాము. దేహమునకు ఒప్పే ఆహారము సాత్మ్యమనీ, ఒప్పనిది అసాత్మ్యమనీ చరక సంహిత విభజించినది. అయితే ‘పడదు’ అనే ఒక్క మాటలో పలు వేర్వేరు వ్యాధులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయడానికి వైద్యులకు నూరేళ్ళకు పైగా పట్టినది. ఆ చరిత్ర కొంత తెలిస్తే, మీ చేతికి వచ్చిన రక్తపరీక్ష కాగితమును మీరు మరొక విధముగా చదువుతారని నా ఆశ.

1901లో మొనాకో యువరాజు మొదటి ఆల్బర్ట్ తన నౌకపై ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులను సముద్రయానమునకు తీసుకువెళ్ళారు. వారు షార్ల్ రిషే, పాల్ పోర్టియే. సముద్రజీవుల విషముపై వారి పరిశోధన. ఫ్రాన్సుకు తిరిగి వచ్చాక సముద్రపుష్పముల విషమును కుక్కలకు కొద్ది మోతాదులలో ఇచ్చి, వాటికి తట్టుకునే శక్తి కలిగించాలని వారు ప్రయత్నించారు. జరిగినది అందుకు పూర్తిగా విరుద్ధము. మొదటి మోతాదుకు చెక్కుచెదరని ‘నెప్ట్యూన్’ అనే కుక్క, సుమారు మూడు వారముల తరువాత ఇచ్చిన మోతాదుతో అరగంటలోపే మరణించినది. రక్షణకు విరుద్ధమనే అర్థములో రిషే ఈ స్థితికి ‘ఎనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. తొలిసారి ఏమీ చేయని పదార్థము మలిసారి ప్రాణము తీయగలదనే సత్యము అక్కడ బయటపడినది. ‘నిన్నటి దాకా తిన్నాను కదా, ఈ రోజు ఎందుకు పడలేదు?’ అని రోగులు అడిగే ప్రశ్నకు సమాధానము కూడా అందులోనే ఉన్నది.

1906లో వియన్నాకు చెందిన శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘ఎలర్జీ’ అనే పదమును సృష్టించారు. ఏదైనా పదార్థము సోకిన తరువాత దేహము స్పందించే తీరులో కలిగే మార్పు అంతటికీ ఆయన ఆ పదమును వాడారు. హద్దులు లేని పదమది. తరువాతి కాలములో దానికి కలిగిన చిక్కులకు బీజము అక్కడే పడినదని నేను అనుకుంటాను.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము 1921 నాటిది. జర్మనీలోని బ్రెస్లావ్ నగరములో హైంజ్ క్యుస్ట్నర్ అనే వైద్యునికి చేప తింటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవి. ఆయన రక్తద్రవమును చేప సారముతో గాజునాళికలో కలిపి చూస్తే ఏమీ కనిపించలేదు. సహచరుడు ఓటో ప్రౌస్నిట్స్ ఆ రక్తద్రవమును కొద్దిగా తన పొట్ట చర్మములోనికి ఎక్కించుకున్నారు. మరునాడు అదే చోట వండిన చేప సారమును ఎక్కించుకోగా కొద్ది నిమిషములలో ఎఱ్ఱగా దద్దురు లేచినది. చర్మములో మిగిలినచోట్ల ఏమీ కాలేదు. రోగమునకు కారణము రక్తములో ఉన్నదనీ, దానిని ఒకరి నుంచి మరొకరికి మార్చవచ్చుననీ ఋజువైనది. ఈ పరీక్షను దశాబ్దముల పాటు వాడారు. రక్తద్రవముతో కామెర్లు సోకే ప్రమాదము ఉన్నందువలన తరువాత మానివేశారు. 1933లో నాజీల పాలన వలన ప్రౌస్నిట్స్ దేశము విడిచి, ఇంగ్లాండులోని వైట్ ద్వీపములో సామాన్య వైద్యునిగా స్థిరపడ్డారు.

ఆ రక్తద్రవములోని పదార్థమేమిటో తెలియడానికి మరి నలభై అయిదేళ్ళు పట్టినది. డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్‌సన్, బెన్నిచ్ వేర్వేరుగా దానిని కనుగొన్నారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి రక్తములో దానిని కొలవడము సాధ్యమైనది.

ఇక్కడే మీరు జాగ్రత్త వహించాలి. రక్తములో ఒక ఆహారమునకు ఐజీఈ ఉన్నంత మాత్రాన ఆ ఆహారము పడదని కాదు. కర్ణాటకలో పెద్దవారిపై జరిపి 2016లో ప్రచురించిన సర్వేలో నలుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక ఆహారమునకు ఐజీఈ కనిపించినది. లక్షణములు కూడా కలిసి, ఎలర్జీ ఉండవచ్చునని తేలినవారు నూటికి ఒకరు మాత్రమే. లక్షణములేవీ లేకుండా వంద పదార్థములకు పరీక్ష చేయించుకుంటే ఎన్ని ‘పాజిటివ్’లు వస్తాయో మీరే ఊహించండి. ఆ కాగితము పట్టుకొని పాలు, గ్రుడ్లు, గోధుమ, కందిపప్పు మాన్పించి ఎదిగే పిల్లలను ఎండబెట్టిన తల్లిదండ్రులను నేను చూశాను. ఇక ఐజీజీ పరీక్షల సంగతి: ఆ ఆహారము మీరు తింటున్నారని మాత్రమే అవి చెబుతాయి.

పాలు త్రాగితే కడుపు ఉబ్బే పెద్దవారిలో చాలామందికి కొరవడినది లాక్టేజ్ అనే ఎంజైము. అది ఎలర్జీ కాదు. వారిలో పెక్కుమంది పెరుగు హాయిగా తినగలరు. పాల ఎలర్జీ గల పసివానికి పెరుగు కూడా ప్రమాదమే.

రసాయనముల విషయము మరింత చిక్కైనది. 1895లో యోసెఫ్ యాడాసోన్ పాదరసము పడని రోగులలో చర్మముపై పట్టీ వేసి పరీక్షించే పద్ధతిని ప్రకటించారు. జుట్టుకు వేసే నల్లరంగులోని పి.పి.డి., గిల్టు నగలలోని నికెల్ పడనివారిని నేటికీ ఆ పద్ధతితోనే గుర్తిస్తున్నాము. (బొట్టుబిళ్ళల జిగురులోని ఒక ఫినాల్ రసాయనము నుదుట తెల్లమచ్చ కలిగించడము మన చర్మవైద్యులందరికీ తెలుసు.) 

దీనికి భిన్నమైన వాదము షికాగో వైద్యుడు థెరన్ రాండాల్ఫ్‌ది. సెంట్లు, పెయింట్లు, పొయ్యి గ్యాసు, పురుగుమందుల అతిస్వల్ప మోతాదులే కొందరిలో తలనొప్పి, నిస్సత్తువ, మనోవ్యాకులత కలిగిస్తాయని 1962లో ఆయన గ్రంథము వ్రాశారు. 1987లో మార్క్ కల్లెన్ దీనిని బహుళ రసాయన సున్నితత్వముగా నిర్వచించారు. పదార్థమేదో ఇరువురికీ తెలియకుండా పరీక్షించినప్పుడు రోగులు రసాయనమునూ శుభ్రమైన గాలినీ నమ్మకముగా వేరుచేయలేకపోయారని 2006 నాటి సమీక్ష తేల్చినది. దీనిని బట్టి వారి బాధ కల్పితమని అనేవారితో నేను ఏకీభవించను. ఆయాసము, వణుకు, గుండెదడ నిజమైనవే. కారణముగా చూపిన పదార్థము నిలబడలేదు, అంతే. అటువంటివారిని ఎగతాళి చేసిన వైద్యుడు వారిని మోసగాళ్ళ చేతికి అప్పగించినట్లే.

వైద్యుల సలహాలూ తలక్రిందులైన సందర్భమున్నది. 2000లో అమెరికా శిశువైద్యుల సంఘము ఎలర్జీ వచ్చే అవకాశము అధికముగా ఉన్న పిల్లలకు మూడేళ్ళ వరకు వేరుశనగ పెట్టవద్దన్నది. 2008లో ఆ సలహాను విరమించుకున్నది. అదే ఏడు, బ్రిటన్‌లోని యూదు పిల్లలలో వేరుశనగ ఎలర్జీ ఇజ్రాయెల్ పిల్లల కంటే పది రెట్లు ఎక్కువని గిడియన్ లాక్ బృందము చూపినది. ఇజ్రాయెల్‌లో పసివారికి వేరుశనగతో చేసిన చిరుతిండి తొలి ఏటి నుంచే పెడతారు. 2015లో 640 మంది శిశువులపై వారే జరిపిన పరిశోధనలో, మానినవారిలో నూటికి 17 మందికి, తిన్నవారిలో 3 మందికి అయిదేళ్ళ వయసులో ఎలర్జీ కనిపించినది. అయితే తీవ్రమైన గజ్జి ఉన్న శిశువుకు వైద్యుని అడిగిన తరువాతనే పెట్టండి. పసివారికి పలుకులుగా మాత్రము పెట్టవద్దు, గొంతుకు అడ్డుపడతాయి.

నిజమైన ఎలర్జీ ఉన్నవారికి 2020 నాటి మన ఆహార లేబుళ్ళ నిబంధనలు కొంత అండ. పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, గింజపప్పులు, సోయా, గ్లూటెన్ గల ధాన్యములు, సల్ఫైట్లు ఉంటే పొట్లముపై ప్రకటించాలి. మిఠాయి దుకాణములో, పెండ్లి విందులో లేబుల్ ఉండదు, అక్కడ అడగవలసినదే.

రిషే నౌక ఎక్కిన 1901లోనే జొకిచి తకమినే అడ్రినలిన్‌ను శుద్ధరూపములో వేరుచేసిన వార్తను ప్రకటించారు. ఎనాఫిలాక్సిస్‌కు నేటికీ మొదటి మందు అదే. పెద్దవారికి అర మిల్లిగ్రాము, తొడ బయటి వైపు కండరములోనికి ఇవ్వాలి. మాత్రలూ స్టీరాయిడ్లూ దానికి ప్రత్యామ్నాయములు కావు. రొయ్యలు తిన్న కొద్దిసేపటిలో దద్దుర్లతో పాటు గొంతు బిగిసినా, ఆయాసము వచ్చినా, కళ్ళు తిరిగినా రోగిని పడుకోబెట్టి, ఊపిరాడకపోతే కూర్చుండబెట్టి, వెంటనే 108కి ఫోను చేయండి.