నొప్పి మాత్ర పడకపోవడం – మెల్‌బోర్న్‌లో కొంత, బయట కొంత నడిచిన కథ



"నాకు వంకాయ పడదు", "మా ఆయనకి రొయ్యలు పడవు" అని మన ఇళ్లల్లో తేలిగ్గా అనేస్తూ ఉంటాం. అలాగే కొంతమందికి నొప్పి మాత్రలు పడవు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివన్నమాట. ఒక్క మాత్ర చాలు, గంటా రెండు గంటల్లో ముక్కు కారడం, ఆయాసం, ఒంటినిండా దద్దుర్లు, పెదవులూ కనురెప్పలూ వాచిపోవడం. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి లోకానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. ఆ కథలో రెండు ఘట్టాలు ఇక్కడే, మన మెల్‌బోర్న్‌లో జరిగాయి. అందుకే ఈ వారం ఆ చరిత్ర చెబుదామనుకున్నాను.

ఆస్పిరిన్‌ని జర్మనీ వాళ్ల బేయర్ కంపెనీ 1899లో అమ్మకానికి తెచ్చింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మనీ సరుకు ఆస్ట్రేలియాకి రావడం ఆగిపోయింది. శత్రుదేశం వాళ్ల పేటెంట్లను ఇక్కడి ప్రభుత్వం పక్కన పెట్టేసింది. అప్పుడు మెల్‌బోర్న్‌లో మందుల షాపు నడుపుకునే జార్జ్ నికొలస్ అనే ఆయన, హెన్రీ వుల్ఫ్ స్మిత్ అనే ఇంకొకాయనతో కలిసి, వంటింటి సామాన్ల లాంటి పరికరాలతో తంటాలుపడి 1915లో ఆస్పిరిన్ తయారుచేశారు. 1917లో దానికి "ఆస్ప్రో" అని పేరు పెట్టారు. అవునండీ, మన పెద్దవాళ్లు తలనొప్పికి వేసుకున్న ఆస్ప్రో పుట్టిల్లు ఈ ఊరే! మన దేశంలో "నికొలస్ పిరమల్" అని ఒక మందుల కంపెనీ ఉండేది, గుర్తుందా? ఆ పేరులోని నికొలస్ ఈ కుటుంబమే.

ఆ తర్వాత ఈ దేశం నొప్పి మందులకి బాగా అలవాటు పడింది. బెక్స్, విన్సెంట్స్ అని పొడి పొట్లాలు వచ్చేవి. ఆస్పిరిన్, ఫెనాసిటిన్, కెఫీన్ కలిపిన మందు అది. ఒక కప్పు టీ, ఒక బెక్స్, కాసేపు నడుం వాల్చడం అన్నది ఇక్కడి ఇల్లాళ్లకి సామెతలా అయిపోయింది. ఏళ్ల తరబడి వాడినవాళ్ల కిడ్నీలు పాడైపోతున్నాయని మెల్‌బోర్న్ డాక్టరు ప్రిసిల్లా కిన్‌కెయిడ్-స్మిత్ 1960లలో గట్టిగా చెప్పారు. చివరికి 1979లో ఇలాంటి మిశ్రమ మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నారు.

అయితే అది ఎక్కువ మోతాదు, ఎక్కువ కాలం వాడితే జరిగే నష్టం. నేను చెబుతున్నది వేరు. ఇక్కడ మోతాదు కాదు, మనిషి ముఖ్యం. లక్షలమందికి హాయినిచ్చిన మాత్రే ఒకరికి ఊపిరాడకుండా చేస్తుంది.

ఈ సంగతిని మొదట వివరంగా రాసినవారిలో పారిస్ డాక్టరు ఫెర్నాండ్ విడాల్ ఒకరు. టైఫాయిడ్‌కి మనవాళ్లు చేయించే "వైడల్ టెస్టు" ఈయన పేరుమీదే ఉంది. ఆస్తమా, ముక్కులో కండ పెరగడం, ఆస్పిరిన్ పడకపోవడం ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తున్నాయని ఆయన బృందం 1922లో రాసింది. ఆ మాట పెద్దగా ఎవరి చెవినా పడలేదు. 1968లో అమెరికాలో శామ్టర్, బీర్స్ అనే డాక్టర్లు మళ్లీ చెప్పాకే "శామ్టర్ త్రయం" అని పేరు స్థిరపడింది.

మరి కారణం? రెండో ఘట్టం ఇదే. 1938లో మెల్‌బోర్న్ వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థలో చార్లెస్ కెల్లవే, నాజీల జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్ కలిసి నాగుపాము విషం మీద ప్రయోగాలు చేశారు. ఆ విషం తగిలిన ఊపిరితిత్తుల్లోంచి, కండరాన్ని నెమ్మదిగా బిగించి చాలాసేపు వదలని పదార్థమొకటి బయటపడింది. 1940లో కెల్లవే, ట్రెథీవీ అలాంటి పదార్థమే తీవ్రమైన ఎలర్జీలోనూ పుడుతుందని చూపించారు. అదేమిటో తేలడానికి ఇంకా నలభై ఏళ్లు పట్టింది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్సన్ 1979లో వాటికి ల్యూకోట్రయీన్లు అని పేరు పెట్టారు.

ఈలోగా 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో కనిపెట్టారు. నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అది ఆపుతుంది. 1982 నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో వేన్, శామ్యూల్సన్ ఇద్దరూ ఉన్నారు. ఇక లెక్క తేలింది. ఒక కాలవకి అడ్డుకట్ట వేస్తే నీళ్లు పక్క కాలవలోకి పొర్లినట్టు, ఈ మనుషుల్లో ప్రోస్టాగ్లాండిన్లు తగ్గగానే ల్యూకోట్రయీన్లు పొంగుతాయి. ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి.

అందుకే ఈ రకం వాళ్లకి ఆస్పిరిన్ ఒక్కటే కాదు, అదే పని చేసే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ కూడా పడవు. మందులో ఏముందో తెలియాలి గానీ, డబ్బా మీద పేరు మారితే సరిపోదు. ఒకే ఒక మందు పడక మిగతావి పడేవాళ్లూ ఉన్నారు, అది వేరే జాతి ఎలర్జీ. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరే.

నేను కొన్నేళ్లు మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి. ఇండియా నుంచి వచ్చిన పెద్దావిడని "మీకు ఏమైనా మందులు పడవా అమ్మా?" అని అడిగితే, "అబ్బే, అలాంటివేం లేవు బాబూ" అంటారు. ఒక్క నిమిషం ఆగి, "బ్రూఫెన్ వేసుకుంటే మాత్రం కాస్త ఆయాసం వస్తుంది" అంటారు. ఆ రెండో మాటే ప్రాణం కాపాడే మాట!

అమ్మానాన్నల పెట్టెలో మాత్రల అట్టలు ఉంటాయి కదా. బ్రూఫెన్, కాంబిఫ్లామ్ అక్కడివి. ఇక్కడ న్యూరోఫెన్ అన్నా అందులో ఉన్నది ఐబూప్రొఫెనే. అక్కడి వోవెరాన్, ఇక్కడి వోల్టరెన్ రెండూ డైక్లోఫెనాకే. న్యూరోఫెన్ ఇక్కడ సూపర్‌మార్కెట్లో పాలూ బ్రెడ్డూ పక్కనే దొరుకుతుంది, అడిగేవాళ్లు ఉండరు. అక్కడి క్రోసిన్, డోలో, ఇక్కడి పెనడాల్ మాత్రం పారాసెటమాల్. ఈ రకం వాళ్లలో చాలామందికి అది పడుతుంది, అయినా డాక్టరుని అడిగి వాడండి. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు నా మాట విని మానేయకండి, అది డాక్టరు నిర్ణయం.

ఆస్తమా, ముక్కులో కండ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈరోజే అడగండి: "ఏ మాత్ర వేసుకుంటే ఎప్పుడైనా తేడా చేసింది?" ఆ పేరు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి వాళ్ల పర్సులో పెట్టండి. మాత్ర వేసుకున్నాక ఊపిరి అందకపోయినా, నాలుక వాచినా ఆలోచించకుండా 000కి ఫోన్ చేయండి.

వచ్చే వారం మరో విషయంతో కలుద్దాం. అందాకా సెలవు.