చక్రాల మీద వంటిల్లు

మేడారం జాతర దగ్గర పడిందంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో ట్రాక్టర్ ట్రాలీలు ఇళ్లయిపోతాయి. అడుగున వరిగడ్డి, దాని మీద చెద్దర్లు, వెదురు బద్దలు వంచి కట్టిన పరదా. ఒక మూల బియ్యం మూట, గంజులు, కట్టెలు. ఇంకో మూల కాళ్లు కట్టేసిన కోడి, అమ్మవార్లకు మొక్కిన బెల్లం. అందరికంటే ముందు ఎక్కి కూర్చునేది ముసలివాళ్లే. వెనకటికి ఇదే పని ఎడ్లబండి చేసింది. రాత్రికి చెట్టు కింద ఆగి, మూడు రాళ్లు పెట్టి వండుకుని, తెల్లారి మళ్లీ కాడి కట్టేవారు.

కాబట్టి ఇంటిని బండికి తగిలించుకుని తిరగడాన్ని ఫలానా వాళ్లు కనిపెట్టారంటే మా వైపు వాళ్లకు నవ్వొస్తుంది. మానుకోట చుట్టూ ఎటు చూసినా తండాలే. ఆ మాటకు మొదటి అర్థం ఊరు కాదు, సరుకు మోసే ఎడ్ల బిడారు. బంజారాలు ధాన్యం, ఉప్పు ఎడ్ల మీద వేసుకుని ఇల్లూ వాకిలీ వెంటబెట్టుకుని దక్కన్ అంతా తిరిగారు. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. 1889 నాటికి వరంగల్ నుంచి మానుకోట మీదుగా బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. తిరిగే తండా ఒకచోట కుదురుకుని ఊరి పేరైంది.

చిత్రం ఏమిటంటే, ఇక్కడ తిరిగేవాళ్లు ఆగిపోతున్న ఆ రోజుల్లోనే, ఇంగ్లండులో కుదురుగా ఉన్న ఒక పెద్దమనిషికి తిరగాలనిపించింది. పేరు గోర్డన్ స్టేబుల్స్. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, ఆరోగ్యం దెబ్బతిని విరమించుకున్నాడు. పిల్లల కథలు రాసుకుంటూ ట్వైఫర్డ్ అనే ఊళ్లో ఉండేవాడు. జిప్సీల గుర్రపు బండ్లు చూసి మనసు పారేసుకున్నాడు. పొట్టకూటికో మొక్కుకో కాదు, ఊరికే ఊళ్లు చూడడానికి అలాంటిది ఒకటి తనకూ కావాలనుకున్నాడు. 1885లో బ్రిస్టల్‌లోని ఒక బండ్ల కర్మాగారం అతనికి మహాగని చెక్కతో బండి చేసి ఇచ్చింది. దాని పేరు ‘వాండరర్’, అంటే దేశదిమ్మరి.

బండి అందంగానే ఉంది. చిక్కంతా బరువుతో. సామానంతా ఎక్కిస్తే దాదాపు రెండు టన్నులు, లాగేవి రెండు గుర్రాలు. ఎత్తు వస్తే వాటి ఆయాసం చూడలేం, వాలు వస్తే బండి వాటి మీదికే ఉరుకుతుంది. అందుకని ఫోలే అనే పనివాడు మూడు చక్రాల సైకిలెక్కి ముందు పోయేవాడు. మలుపు ఇరుకా, గుట్ట నిటారా, ఎదురుగా ఏమైనా వస్తున్నాయా అని చూసి కబురు చెప్పడం అతని కొలువు. హరికేన్ బాబ్ అనే కుక్క, ఒక చిలుక కూడా ప్రయాణికులే. ఆ పటాలంతో స్టేబుల్స్ స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. 1886లో ఆ యాత్ర మీద పుస్తకం రాస్తూ, బండిలో పదమూడు వందల మైళ్లు తిరిగానని అట్ట మీదే వేసుకున్నాడు. మన లెక్కలో రెండు వేల కిలోమీటర్ల పైమాటే. అది చదివినవాళ్లకు ఆశ పుట్టింది. 1907లో అక్కడ కారవాన్ క్లబ్బు వెలిసింది. కానీ గుర్రాలను, వాటిని తోలేవాణ్ని, ముందు నడిచేవాణ్ని పోషించగల సంసారాలు ఎన్ని?

మోటారు కారు వచ్చాక తోలేవాడి ఖర్చు తప్పింది. 1919 నుంచి బర్మింగ్‌హామ్‌లో ఎకిల్స్ కంపెనీ కారు వెనక కట్టుకునే ఇళ్లు అమ్మసాగింది. అయినా పాత చిక్కు పోలేదు. నిటారు గోడల చెక్క పెట్టె గాలికి అడ్డంగా నిలబడుతుంది. ఆనాటి చిన్న ఇంజన్లకు అది గుట్ట ఎక్కినంత పని.

ఆ ముడి విప్పడానికి ఎక్కువ తంటాలు పడ్డవాడు అమెరికాలోని వాలీ బయామ్. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. అప్పుడు అతని ఇల్లు గాడిద లాగే చిన్న చెక్కబండి: లోపల పొయ్యి, నీళ్లు, తిండి, పడక. పెద్దయ్యాక పత్రికలు నడుపుకున్నాడు. సెలవుల్లో అడవికి పోదామంటే, వంటిల్లు లేకుండా రానని భార్య మారియన్ మొండికేసిందట. ఈ కథలో అసలు పురిటినొప్పులు ఆ మాటతోనే మొదలయ్యాయని నాకనిపిస్తుంది.

1920ల చివర్లో బయామ్ పాత ఫోర్డ్ మోడల్ టీ కారు చట్రం మీద డేరా బిగించాడు. నిలబెట్టడానికే ప్రాణం పోయేది, వాన వస్తే ఇక చెప్పక్కర్లేదు. డేరా పీకేసి, కన్నీటి చుక్క ఆకారంలో గట్టి గూడు కట్టాడు. లోపల ఐసు పెట్టె, కిరోసిన్ స్టవ్వు. ఇది నిలిచింది, కానీ మనిషి మాత్రం వంగే తిరగాలి. అప్పుడు తట్టింది అతనికి: నేలను ఇరుసు పైన ఎందుకు పరవాలి? రెండు చక్రాల నడుమకు దించేస్తే? నేల దిగింది, కప్పు కాస్త లేచింది, మనిషి నిటారుగా నిలబడి వండుకోగలిగాడు. దాన్ని ఎలా కట్టుకోవాలో రాస్తే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నమూనా కాగితాలు అమ్మాడు, తర్వాత ఇరుగుపొరుగుకు తనే కట్టిచ్చాడు. 1931లో, ఆర్థిక మాంద్యం నడిబొడ్డున, చిన్న కర్మాగారం తెరిచాడు.

బరువు చిక్కు మాత్రం అనుకోని వైపు నుంచి విడింది. హాలీ బౌలస్ గ్లైడర్లు కట్టే మనిషి. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం తయారైనప్పుడు ఆ పని దగ్గరుండి చూసినవాడు. గాలిని చీల్చుకుపోయే తేలికపాటి అల్యూమినియం ఒంటితో 1934లో అతను ఒక ట్రైలర్ చేశాడు. రేకులన్నీ రివెట్లతో అతికినవే. అయితే తలుపు ముందు భాగంలో పెట్టాడు, కారుకు తగిలించే కొక్కెం దాటుకుంటూ లోపలికి పోవాలి! వ్యాపారం దివాలా తీసింది. బయామ్ ఆ నమూనాను అందుకుని తలుపు పక్కకు మార్చాడు, ఇంకొన్ని సవరణలు చేశాడు. 1936లో ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ బయటికొచ్చింది. ధర 1,200 డాలర్లు, నలుగురికి పడక, నీళ్లు, దీపాలు, మారియన్ అడిగిన వంటిల్లు.

యుద్ధం వచ్చి అల్యూమినియం అంతా విమానాలకు పోయింది, కర్మాగారం మూతపడింది. యుద్ధం అయ్యాక మళ్లీ మొదలెట్టినప్పుడు, కొత్త బండి ఎంత తేలికో చెప్పడానికి ఒక ఫొటో చాలింది. 1947లో ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ అనే ఫ్రెంచి సైకిల్ పందెగాడు ట్రైలర్‌ను సైకిలుకు కట్టుకుని లాగాడు. వాండరర్‌కు ముందు పోయిన సైకిలు దారి చూసి కబురు చెప్పడానికే పరిమితం. ఈ సైకిలు ఇంటినే లాగింది.

తర్వాత బయామ్ ట్రైలర్ల గుంపులను దేశాలు దాటించాడు. 1951లో మధ్య అమెరికా బయల్దేరిన 63 బండ్లలో చివరిదాకా చేరినవి 14 మాత్రమే. ఇక ఈ పని చచ్చినా పెట్టుకోనన్నాడు. మాట నిలబెట్టుకోలేదు. 1959లో 41 బండ్లను ఆఫ్రికా దక్షిణ కొసన దింపి కైరో దాకా నడిపించాడు. వాళ్లలో చాలామంది ఉద్యోగాలు ముగించినవాళ్లే. బురదలో దిగబడితే తాళ్లు కట్టి లాక్కుంటూ పోయారు. 1962లో బయామ్ పోయాడు. మరుసటి ఏడు సింగపూర్ నుంచి బయల్దేరిన గుంపు మన దేశం మీదుగానే పడమటికి సాగింది.

ఇన్ని మార్పులొచ్చినా రెండు చక్రాల బండి గుణం ఒకటే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలని అమెరికాలో ట్రైలర్ లాగేవాళ్లు లెక్క చెప్తారు. బరువు వెనక్కి మొగ్గితే వేగంలో బండి తోక ఊపుతుంది, కారును కూడా ఈడ్చేస్తుంది. మన బండి తోలేవాడికి ఈ శాతాలు తెలియవు. వెనక బరువైతే కాడి ఎడ్ల మెడల నుంచి లేచిపోతుందనీ, ముందు బరువైతే మెడలు కాయలు కాస్తాయనీ తెలుసు.

మొన్న జాతరకు ట్రాలీ సర్దుతుంటే చూశాను. కుర్రాళ్లు నీళ్ల డ్రమ్ము తెచ్చి చివరన పెట్టారు. రిటైరైన సింగరేణి పెద్దాయన ఒకాయన అప్పటికే గడ్డి మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. లేవలేదు.

“ముంగటికి జరుపుండ్రిరా దాన్ని,” అన్నాడు.