జిగురు పాలు, గంధకపు ముడులు

హేవియా చెట్టు బెరడుకు గాటు పెడితే కారే పాలను పేరబెట్టి ఆరబెడితే పచ్చి రబ్బరు వస్తుంది. అది సాగుతుంది, నీటిని దిగనివ్వదు. కానీ ఎండకు జిగురై చేతికంటుకుంటుంది, చలికి బిరుసెక్కుతుంది, ఎక్కువసేపు లాగి పట్టుకుంటే మళ్లీ మొదటి కొలతకు రాదు. గంధకం కలిపి వేడిచేసే వల్కనైజేషన్ ఈ లోపాలకు విరుగుడు.

మెక్సికో ప్రాంతపు ప్రాచీనులు వేరే జాతి రబ్బరు చెట్టు పాలలో ఒక తీగ రసం కలిపి గెంతే బంతులు చేసుకున్నారు. ఐరోపాకు ఆ కిటుకు అందలేదు. 1770లో ఆంగ్ల శాస్త్రవేత్త ప్రీస్ట్లీ ఈ పదార్థం పెన్సిల్ గీతలు చెరుపుతుందని రాశాడు. రుద్దేది గనుక ఇంగ్లీషులో దానికి 'రబ్బర్' అన్న పేరు స్థిరపడింది; మన బడిపిల్లల సంచిలోకీ ఆ పేరుతోనే చేరింది. 1823లో రసాయనవేత్త మాకింతోష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి వానకోటుకు దారి తీశాడు. 1830లలో అమెరికాలో రబ్బరు బూట్ల మోజు పుట్టింది గానీ, వేసవి వచ్చేసరికి సరుకు కరిగి కంపు కొట్టింది.

చార్లెస్ గుడియర్ ఈ చిక్కుతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. రబ్బరులో గంధకం కలపాలన్న ఆలోచన నేథనియల్ హేవర్డ్‌ది. 1839లో వోబర్న్ పట్టణంలో గంధకం కలిసిన ముక్క వేడి పొయ్యికి తగిలింది. అది కరగకుండా తోలులా మాడింది. మాడిన అంచు పక్కన జిగురు లేకుండా సాగే భాగం మిగిలింది. దీన్ని అదృష్టమనడం సగం నిజమే: వెతుకుతున్నవాడి కంటికే ఆ అంచు ఆనుతుంది. గుడియర్‌కు అమెరికా పేటెంట్ 1844లో దక్కింది. అప్పటికే ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ పేటెంటుకు దరఖాస్తు పెట్టేశాడు. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద ఈ ప్రక్రియకు పేరు సూచించింది హాన్‌కాక్ మిత్రుడే. మన రోడ్డు పక్క పంక్చర్ షాపు బోర్డు మీది 'వల్కనైజింగ్' అన్న మాట అక్కడిదే. గుడియర్ 1860లో అప్పులతోనే పోయాడు. 1898లో వెలసిన టైర్ల కంపెనీకి అతని పేరు తప్ప మరే సంబంధమూ లేదు.

పని జరిగింది గానీ కారణం చాలాకాలం తెలియలేదు. 1920లో రసాయనవేత్త స్టాడింగర్ రబ్బరు వంటివి పొడవాటి గొలుసు అణువులని ప్రతిపాదించాక బొమ్మ స్పష్టపడసాగింది. పచ్చి రబ్బరులో ఆ గొలుసులు ఒకదానిపై ఒకటి జారిపోతాయి. వేడిలో గంధకం వాటి మధ్య వంతెనలు కడుతుంది. చిక్కుపడ్డ దారపు ఉండకు అక్కడక్కడ ముడులు వేసినట్టన్నమాట: లాగితే దారాలు నిటారవుతాయి, జారలేవు, వదిలితే వెనక్కి వస్తాయి. నూరు పాళ్ల రబ్బరుకు రెండు మూడు పాళ్ల గంధకమైతే సాగే సరుకు తయారవుతుంది. ముప్పై దాటితే గట్టి ఎబొనైట్. రాజమండ్రి రత్నం పెన్నులు దానితో చేసినవే.

ఆ ముడులు సులువుగా వీడవు. అందుకే అరిగిన టైరును కరిగించి కొత్త టైరు పోత పోయడం కుదరదు.