పల్నాడు పుల్లరి కథలో కూలీ ఎక్కడ?

కన్నెగంటి హనుమంతు అనగానే మనకి పుల్లరి గుర్తొస్తుంది. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు సర్కారు వసూలు చేసిన పన్ను అది. ఆ కథ చాలామంది చెప్పారు, నేను మళ్ళీ మొదటినుంచి చెప్పను. ఈ ఎపిసోడ్‌లో వేరే ప్రశ్న వేసుకుందాం. అసలు అప్పటి అటవీ శాఖకి పనిచేసిపెట్టింది ఎవరు?

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకుముందు రైతు అడవిలోకెళ్ళి నాగలికి కర్ర, పొలానికి పచ్చాకు, పొయ్యిలోకి పుల్లలు తెచ్చుకునేవాడు. చట్టం వచ్చాక అది రిజర్వు ఫారెస్టు. పర్మిట్ కావాలి, రుసుము కట్టాలి. మాచర్ల, దుర్గి వైపు నల్లమల అంచున బతికే ఊళ్ళకి ఇదెంత దెబ్బో ఆలోచించండి. వర్షాధారపు నేల, పశువు మీదే బతుకు.

ఇక రెండో వైపు చూద్దాం. కాగితం మీద శాఖ అంటే రేంజరు, గార్డు, వాచరు. కానీ కలప నరికేది వాళ్ళు కాదు కదా. కూపు వేలం వేస్తారు, కాంట్రాక్టరు పాడుకుంటాడు, నరికే మనుషుల్ని అతనే తెచ్చుకుంటాడు. వాళ్ళకి ఎంత ఇచ్చాడు, అసలు ఇచ్చాడా లేదా అన్నది అతని ఇష్టం. ఇక దొరగారు మకాం వేస్తే బండి కట్టేదీ, నీళ్ళు మోసేదీ, పాలు, కోళ్ళు తెచ్చిచ్చేదీ ఊరే. చాలాచోట్ల దీనికి పైసా ఇచ్చేవాళ్ళు కాదు. దాని పేరే వెట్టి. అంటే అడవిలోకి రావొద్దని ఎవరిని ఆపారో, వాళ్ళ చాకిరీ మీదే ఆ శాఖ బండి నడిచింది.

పల్నాడు జనం 1921లో పట్టుకున్నది ఈ కీలకాన్నే. పుల్లరి కట్టకపోవడం ఒక ఎత్తు. అధికారుల్ని వెలివేయడం ఇంకో ఎత్తు. బట్టలుతికే చాకలి లేడు, గడ్డం గీసే మంగలి లేడు, సరుకులిచ్చే కొట్టు లేదు. తుపాకీ ఉన్నవాడికి కూడా అన్నం వండుకోవడానికి కట్టెలు కావాలి కదండీ!

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఈ వెలి కులకట్టుబాట్ల బలంతోనే నడిచింది. భూమి, పశువులు ఉన్న రైతుకి పుల్లరి పోతే లాభం. చాకలికి, మంగలికి మాత్రం ఆ అధికారి ఇచ్చే నాలుగు డబ్బులూ పోయాయి. వాళ్ళని సంప్రదించి చేశారా, కట్టడి చేసి చేయించారా అన్న ప్రశ్న మన పోరాట చరిత్రల్లో పెద్దగా కనపడదు. నా ఉద్దేశంలో ఇది మనం అడగాల్సిన ప్రశ్న.

పరిస్థితి చూసి రమ్మని గుంటూరు కాంగ్రెస్ వాళ్ళు పంపితే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు పల్నాడు వచ్చారు, అరెస్టయ్యారు. జైల్లో కూర్చుని ఆయన రాసిన నవల ‘మాలపల్లి’. దాంట్లో వ్యవసాయ కూలీల జీతాల గొడవ ఎంత ముఖ్యమో చదివినవాళ్ళకి తెలుసు.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా జరిగింది, గాంధీగారు ఉద్యమం ఆపేశారు. మించాలపాడులో మాత్రం ఆగలేదు. అదే నెలలో పశువుల్ని తోలుకుపోవడానికి బలగంతో వచ్చారు, ఘర్షణ జరిగింది, కాల్పుల్లో హనుమంతు చనిపోయారు.

అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? 1924లో అల్లూరి సీతారామరాజుని అణచడానికి ఏజెన్సీకి స్పెషల్ కమిషనర్‌గా పంపింది ఈయన్నే. అక్కడి గొడవ మూలాల్లో కూడా ఇదే ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళని బలవంతాన దించాడు, సరైన కూలి ఇవ్వలేదు. పల్నాటి మైదానానికీ మన్యానికీ మధ్య అంత దూరం ఉన్నా, అడవిని మూసేసి ఆ అడవి మనిషితోనే చవగ్గా పని చేయించుకోవడం రెండుచోట్లా ఒకటే.

హనుమంతు చనిపోయిన వందేళ్ళకి, 2022 ఏప్రిల్‌లో, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆ కూపుల్లో గొడ్డలి పట్టిన వాళ్ళ పేర్లు మాత్రం కాంట్రాక్టర్ల లెక్కల్లోనే పోయాయి. మీ ఇంట్లో తాతలో ముత్తాతలో కూపు పనికి వెళ్ళినవాళ్ళుంటే, కూలి డబ్బుగా ఇచ్చారా, గింజలుగా ఇచ్చారా అని పెద్దవాళ్ళని అడిగి రాసి పెట్టుకోండి.