ఒకే తట్టు, రెండు చరిత్రలు

తట్టు మనకు కొత్త వ్యాధి కాదు. జ్వరం, ఒంటినిండా ఎర్రని దద్దుర్లు. చాలామంది పిల్లలకు వారం పదిరోజుల్లో తగ్గిపోతుంది. అండమాన్ దీవుల్లో మాత్రం ఇదే వ్యాధి ఒక ఆదిమజాతిని కోలుకోలేని దెబ్బ తీసింది. ఎందువల్ల?

1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో (నేటి శ్రీ విజయపురం) ఖైదీల స్థావరం నెలకొల్పింది. అప్పటికి గ్రేట్ అండమానీలు సుమారు 5,000 మంది ఉండేవారని అంచనా. 1863 నుంచి వారికోసం 'అండమాన్ హోమ్స్' అనే ఆశ్రయాలు తెరిచి, అడవిలో చిన్న గుంపులుగా బతికేవారిని ఒకచోట చేర్చారు. 1877లో స్థావరంలో పుట్టిన తట్టు ఈ ఆశ్రయాలకూ, అక్కడినుంచి అడవికీ పాకింది. జాతిలో సగానికి పైగా చనిపోయి ఉండవచ్చునని తరువాత అక్కడ పనిచేసిన పోర్ట్‌మన్ అనే అధికారి రాశాడు. సిఫిలిస్ వంటి వ్యాధులూ తోడయ్యాయి. జనాభా లెక్కల్లో వారు 1901లో 625, 1931లో 90, 1961లో 19 మంది!

తట్టు ఒకసారి సోకితే జీవితాంతం రోగనిరోధక శక్తి ఉంటుంది. కాబట్టి ఆ వైరస్ ఒకచోట నిలవాలంటే సోకని పిల్లలు నిత్యం పుడుతూ ఉండాలి. అందుకు లక్షల జనాభా కావాలి. చిన్న దీవిలో అది నిలవలేదు. బయటినుంచి వచ్చిందా, పిల్లలూ పెద్దలూ ఒకేసారి మంచం పడతారు. నీళ్లందించే మనిషి కూడా ఉండడు. 1846లో ఫారో దీవుల్లో డెన్మార్క్ వైద్యుడు పానుమ్ ఇదే గమనించాడు. 7,800 మందిలో దాదాపు 6,000 మందికి తట్టు సోకింది. 1781లో వచ్చి తగ్గిన వృద్ధులకు మళ్లీ రాలేదు. రోగులను వేరుగా ఉంచాలని ఆయన సూచించాడు. అంటే, అండమాన్ ఘోరానికి 30 ఏళ్ల ముందే శాస్త్రానికి ఈ సంగతి తెలుసు. ఆ తెలివిడి అండమానీలకు అక్కరకు రాలేదు.

బయటివారిని ఎదిరిస్తూ అడవిలోనే ఉండిపోయిన జరావాలు 1997 చివరినుంచి బయటికి రాసాగారు. 1999లో వారికీ తట్టు సోకింది, న్యుమోనియా తోడయింది. అయితే ఈసారి కదమ్‌తలా ఆసుపత్రిలో చికిత్స అందింది. 2001లో 240 ఉన్న జరావాలు 2011 నాటికి 380 అయ్యారు. వారి జీవనంలో వీలైనంత తక్కువ జోక్యం ఉండాలన్న విధానం 2004లో వచ్చింది.

అందరికీ ఒకేరకం సేవ అందిస్తే అదే సమానత్వం అనుకుంటాం. కానీ జరావాలకు ముందుగా కావలసింది మనం దూరంగా ఉండటం, వారి అడవి అంచున బతికేవారందరికీ టీకాలు వేయడం. జబ్బు చేసిన రోజున మాత్రం ఆలస్యం లేని వైద్యం అందాలి.