ప్రయాణానికి ముందే ఆధార్ సరిచూసుకోండి: పీవీసీ కార్డు, పేరు, ఫోన్ నంబర్

నూజివీడులో రసాలు, బంగినపల్లి కోతకొచ్చే రోజుల్లోనే బడి సెలవులు, పెళ్లిళ్లు కూడా వస్తాయి. ఒకరు సరుకు పని మీద ఢిల్లీకి, ఒకరు అజ్మీర్ జియారత్‌కి, ఇంకొకరు హైదరాబాద్ ఆసుపత్రికి బయలుదేరతారు. దారిలో మన దగ్గర ఎక్కువమంది తీసి చూపించేది ఆధార్ కార్డే.

ఆ మధ్య మా దాదీని హైదరాబాద్ డాక్టర్‌కి చూపించాల్సి వచ్చింది. తత్కాల్ టికెట్ కోసం పొద్దున్నే కూర్చుంటే, ఓటీపీ మా నాన్న పాత సిమ్‌కి వెళ్లింది. ఆ సిమ్ ఆగిపోయి రెండేళ్లయింది. చివరికి ఆవిడని రాత్రి బస్సులో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. కార్డు చేతిలోనే ఉంది, పని మాత్రం జరగలేదు. అందుకే ఈ వివరాలు.

పీవీసీ కార్డు ఎలా?

ఏటీఎం కార్డు సైజులో ఉండే ఈ ప్లాస్టిక్ ఆధార్‌ని యూఐడీఏఐ 2020లో తెచ్చింది. సురక్షిత క్యూఆర్ కోడ్, హోలోగ్రామ్, చాలా సన్నని అక్షరాలు, నీడలాంటి రెండో ఫోటో దీని మీద ఉంటాయి. మొదట్లో రుసుము 50 రూపాయలు. ఇప్పుడు మీరు ఆర్డర్ పెట్టే రోజున పేజీలో ఎంత చూపిస్తే అంతే కట్టండి.

మై ఆధార్ పోర్టల్‌లో 12 అంకెల నంబర్ కొట్టి, ఓటీపీ ఇచ్చి, డబ్బు కడితే సరిపోతుంది. ఐదు పనిదినాల్లో కార్డు ముద్రించి పోస్టాఫీసుకి అప్పగిస్తారు. అక్కడి నుంచి స్పీడ్ పోస్ట్‌లో ఇంటికి వస్తుంది. ఆధార్‌కి ఫోన్ లింక్ లేనివాళ్లకి కూడా వేరే నంబర్‌తో ఆర్డర్ పెట్టొచ్చు. కాబట్టి ఇంట్లో ఒక్క ఫోన్‌తో అందరికీ తెప్పించుకోవచ్చు.

బజార్లో జిరాక్స్ షాపువాళ్లు కొట్టిచ్చే ప్లాస్టిక్ కార్డులకి ఈ భద్రతా గుర్తులు ఉండవు. వాటిని వాడొద్దని యూఐడీఏఐ 2022లోనే చెప్పింది.

ముందు పేరు, తర్వాత కార్డు

కార్డు మీద పడేది రికార్డులో ఉన్న పేరే. తప్పు ఉంటే ప్లాస్టిక్ మీద కూడా అదే తప్పు వస్తుంది. మన ఇళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఆధార్‌లో 'షేక్' అని పూర్తిగా, ఓటరు కార్డులో 'ఎస్‌కే' అని, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లి కనిపిస్తాయి. మహమ్మద్ ఒకచోట 'ఎండీ' అవుతుంది. బేగం ఒక కార్డులో ఉంటుంది, ఇంకో కార్డులో ఉండదు.

ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పుట్టిన తేదీకి ఒక్కసారే. కాబట్టి తొందరపడి మార్చకండి. ఇంట్లో ఉన్న కార్డులన్నీ ఒకచోట పెట్టి, పాస్‌పోర్ట్ ఉంటే దాని స్పెల్లింగ్‌నే ఖాయం చేసుకోండి. రేపు ఉమ్రాకో హజ్‌కో వెళ్లాల్సి వస్తే అదే పనికొస్తుంది. నిఖా అయిందని అమ్మాయి పేరు మార్చాలన్న నియమం లేదు. మారిస్తే రెండు అవకాశాల్లో ఒకటి పోతుంది.

ఫోన్ నంబర్ మార్పుకి ఏ కాగితాలూ అక్కర్లేదు, మనిషి ఆధార్ సెంటర్‌కి వెళితే చాలు. పేరు, అడ్రస్, ఫోన్ లాంటి మార్పులకి 2025 అక్టోబర్ 1 నుంచి సెంటర్ రుసుము 75 రూపాయలు.

రైలుకి

2025 జులై 1 నుంచి ఐఆర్‌సీటీసీలో ఆధార్ ధ్రువీకరణ చేసుకున్న ఖాతాలకే తత్కాల్ టికెట్ దొరుకుతుంది. జులై 15 నుంచి ఓటీపీ కూడా తప్పనిసరి. ఏసీ తత్కాల్ ముందురోజు ఉదయం 10కి, నాన్ ఏసీ 11కి మొదలవుతాయి. ఆ సమయానికి ధ్రువీకరణ మొదలుపెడితే లాభం లేదు, ముందే చేసి ఉంచుకోండి. ఖాతాలోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి.

రైలెక్కాక టికెట్‌లో ఉన్నవాళ్లలో ఒకరి దగ్గర అసలు గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ కూడా చెల్లుతాయి. ఫోన్‌లో ఎం-ఆధార్ చూపించొచ్చు. డిజీలాకర్‌లో అయితే ప్రభుత్వం జారీ చేసిన పత్రమే చెల్లుతుంది, మనం ఫోటో తీసి ఎక్కించింది చెల్లదు. ఏ గుర్తింపూ లేకపోతే ఈ-టికెట్ ఉన్నా టికెట్ లేనట్టే లెక్కగట్టి జరిమానా వేస్తారు.

విమానానికి

గన్నవరంలో గేటు దగ్గర భద్రతా సిబ్బంది టికెట్ మీద పేరుని, కార్డు మీద పేరుని పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇక్కడ పెద్దవాళ్లు ఎవరి కార్డు వాళ్లు చూపించాలి. ఏజెంట్ చేత టికెట్ తీయిస్తుంటే పేరు నోటితో చెప్పకండి, కార్డు ఫోటో పంపండి. తప్పు కనబడితే అదే రోజు ఎయిర్‌లైన్‌కి చెప్పి దిద్దించుకోండి. ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజీయాత్ర గన్నవరంలో ఉంది, కానీ అది మన ఇష్టం. వద్దనుకుంటే మామూలు క్యూలో కార్డు చూపించి వెళ్లొచ్చు.

పిల్లలకి

ఐదేళ్ల లోపు పిల్లలకి నీలం రంగు ఆధార్ ఇస్తారు. ఐదు నిండాక వేలిముద్రలు, కంటిపాప, ఫోటో ఇప్పించాలి. ఏడేళ్లు దాటినా ఇప్పించకపోతే నంబర్ ఆగిపోవచ్చు. 15 నిండాక మళ్లీ ఇవ్వాలి. 5–7, 15–17 ఏళ్ల మధ్య ఇది ఉచితం.

సందేహం ఉంటే యూఐడీఏఐ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో కార్డులన్నీ బయటికి తీసి, ముందు పెద్దవాళ్లవి చూడండి. పాత సిమ్‌లు ఎక్కువగా వాళ్ల ఆధార్‌లకే ఉంటాయి.