రెండు గండ్లు.. మూడు నదులు.. ఒక దారి
చిలమకూరు నుంచి పాపఘ్ని గండి వరకు పడమటి కడప సీమలో చూడదగిన ప్రకృతి స్థలాలు

కొండల వరుసను నది ఛేదించుకొని వెలుపలికి వచ్చే చోటును తెలుగువారు 'గండి' అంటారు. కడప జిల్లా పడమటి భాగంలో అలాంటి గండ్లు రెండు ఉన్నాయి. ఎర్రమల కొండలను పెన్నానది చీల్చిన చోట గండికోట వెలసింది. వేంపల్లె సమీపంలో పాపఘ్ని కొండలను దాటే చోటుకు గండి అన్నదే పేరైంది. గండికోటకు ఎగువన చిత్రావతి పెన్నలో సంగమిస్తుంది. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో ఒకదానికొకటి చేరువలో పుట్టిన ఈ మూడు నదులు వేర్వేరు దారుల్లో పయనించి, చివరకు ఈ సీమలోనే ఒక్కటవుతాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల మీదుగా సాగే ప్రయాణికులకు రహదారి పక్కన కనిపించే లోయలు, జలాశయాలు, గుహలు, రాతి పొరలు అన్నీ ఈ నదులూ రాళ్లూ కలిసి రాసిన చరిత్రే.

ఊళ్ల పేర్లే రాళ్ల పేర్లు

భూగర్భ శాస్త్రవేత్తలకు ఈ ప్రాంతం తెరిచిన పుస్తకం. సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారంలో విస్తరించిన ఈ రాతి క్షేత్రానికి 'కడప బేసిన్' అని పేరు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాశ్రేణులపై విస్తృత గ్రంథాన్ని వెలువరించారు. ఇక్కడి రాతి పొరలకు స్థానిక నామాలే స్థిరపడ్డాయి. అడుగున ఉన్న పాపఘ్ని శ్రేణిలో గువ్వలచెరువు, వేంపల్లె పొరలు, దానిపైన చిత్రావతి శ్రేణిలో పులివెందుల, తాడిపత్రి, గండికోట పొరలు ఉన్నాయి. కాలక్రమంలో వీటి తరువాత ఏర్పడిన కర్నూలు శ్రేణిలో బనగానపల్లె, నర్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల పొరలున్నాయి. బస్సు బోర్డులపై కనిపించే ఊళ్ల పేర్లే అంతర్జాతీయ శాస్త్ర పత్రికలలో రాళ్ల పేర్లుగా దర్శనమివ్వడం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

చిలమకూరు, కలమళ్ల: రాతిపై తొలి తెలుగు

యాత్రను ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరు నుంచి ప్రారంభించడం సముచితం. పురాతనమైన అగస్త్యేశ్వరాలయం ఈ గ్రామానికి అలంకారం. రేనాటి చోళుల కాలపు తొలి తెలుగు శాసనాల్లో ఒకటి ఇక్కడ లభించింది. ఇదే మండలంలోని కలమళ్లలో చెన్నకేశవాలయ ప్రాంగణంలో దొరికిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం క్రీ.శ. 575 నాటిది. ఇప్పటివరకు లభించిన వాటిలో తొలి తెలుగు శాసనంగా దీనిని పండితులు పరిగణిస్తున్నారు.

రహదారికి ఇరువైపులా పలకలుగా పైకి తేలిన నాపరాయి ఈ ప్రాంతపు మరో గుర్తు. ఇంటి నేలకు, అరుగులకు, పొలం గట్లకు ఇదే ఆధారం. పొరుగు రాష్ట్రాల్లో సైతం 'కడప బండ' అన్న పేరుతో ఇది ప్రసిద్ధం. దీని తోబుట్టువైన సున్నపురాయి నిల్వలే చిలమకూరు, ఎర్రగుంట్ల ప్రాంతాలకు సిమెంటు కర్మాగారాలను రప్పించాయి. గని గోడలను దూరం నుంచి గమనిస్తే, పురాతన సముద్రపు అడుగున ఒకదానిపై ఒకటి పేరుకున్న పొరలు పుటల మాదిరిగా స్పష్టంగా కనిపిస్తాయి.

గండికోట: పెన్న చెక్కిన లోయ

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గండికోట ఉంది. 1123లో కాకరాజు ఈ కోటకు పునాది వేసినట్లు కైఫియతు తెలుపుతోంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఇది వైభవాన్ని చూసింది. అనంతరం గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. ఫ్రెంచి రత్న వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికి వచ్చి ఆయనను కలుసుకున్నాడు. మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం, పావురాల గోపురం, కత్తుల కోనేరు నేటికీ సందర్శకులను ఆకర్షిస్తున్నాయి.

కోట వెనుక భాగాన బండలపైకి చేరితే, సుమారు 300 అడుగుల లోతున పెన్న ప్రవాహం కనువిందు చేస్తుంది. లోయ గోడలు ఇంత నిటారుగా ఉండటానికి కారణం రాతి స్వభావమే. పైన ఉన్నది అత్యంత గట్టిదైన క్వార్ట్‌జైటు. దీని అడుగున షేలు అనే మెత్తని పలకరాయి ఉంటుంది. క్వార్ట్‌జైటులో అడ్డంగానూ నిలువుగానూ నెర్రెలు ఉన్నాయి. నది అడుగు భాగాన్ని కోసుకుంటూ పోగా, పై బండలు ఆ నెర్రెల వెంట దిమ్మెలుగా విడిపోయి కూలుతాయి. అందువల్లనే ఇటుకలు పేర్చినట్లు కనిపించే గోడలు మిగిలాయి. కోట కట్టినవారికి మూడు వైపుల ప్రాకారాన్ని ప్రకృతే సమకూర్చింది. కోట గోడలకు వాడిన ఎర్రని రాయి కూడా ఈ కొండదే.

లోయకు ఎగువన గండికోట జలాశయం ఉంది. గాలేరు-నగరి సుజల స్రవంతిలో భాగమైన దీని సామర్థ్యం 26.85 టీఎంసీలు. లోయకు దిగువన మైలవరం జలాశయం విస్తరించి ఉంది. మైలవరం ఆనకట్ట పైనుంచి చూస్తే ఒకవైపు ఎర్రని కొండలు, మరోవైపు నీలి జలాలు మనోహరంగా కనిపిస్తాయి. అయితే ఈ నీటి అందం వెనుక త్యాగం ఉంది. గండికోట జలాశయం కోసం కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు సహా పలు గ్రామాల ప్రజలు ఇళ్లను, పొలాలను విడిచి వెళ్లవలసి వచ్చింది. జలాశయాన్ని చూసే ప్రతి యాత్రికుడూ ఈ సంగతిని స్మరించడం ధర్మం.

బెలూం: అదే రాయి, భూమి లోపల

జిల్లా సరిహద్దు దాటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోకి ప్రవేశిస్తే బెలూం గుహలు వస్తాయి. ఎర్రగుంట్ల గనుల్లో తవ్వే సున్నపురాయి కుటుంబానికి చెందిన రాతిలోనే ఇవి ఏర్పడ్డాయి. వాననీరు రాతి నెర్రెల గుండా దిగి, లక్షల ఏళ్ల పాటు సున్నాన్ని కరిగించగా సొరంగాలు రూపొందాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని గురించి నమోదు చేశారు. జర్మనీకి చెందిన డేనియల్ గెబౌర్ బృందం 1982, 1983 సంవత్సరాల్లో లోపలి మార్గాలను సర్వే చేసింది. గుహల పొడవు 3,229 మీటర్లు. ఇందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర 2002 నుంచి సందర్శకులకు అందుబాటులోకి వచ్చింది. సింహద్వారం, కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ ముఖ్య ఆకర్షణలు. నేలపై పలకగా కనిపించిన రాయి నీటి చేతిలో ఎలాంటి రూపు దాలుస్తుందో ఇక్కడ అర్థమవుతుంది.

పార్నపల్లె నుంచి వేంపల్లె దాకా

తిరిగి ముద్దనూరు చేరుకొని పులివెందుల దారి పడితే నేల తీరు మారుతుంది. లింగాల మండలం పార్నపల్లె వద్ద చిత్రావతిపై 10 టీఎంసీల సామర్థ్యంతో సమతుల జలాశయం నిర్మించారు. బోడి గుట్టల నడుమ విస్తరించిన ఈ నీటి అద్దం సాయంసంధ్య వేళ చూపరులను కట్టిపడేస్తుంది. ఒకప్పుడు చీనీ తోటలు నీళ్లు లేక ఎండిపోయిన ఈ ప్రాంతానికి గండికోట నుంచి ఎత్తిపోతల ద్వారా కృష్ణా జలాలు చేరుతున్నాయి.

పులివెందుల, వేంపల్లె ప్రాంతాల్లోని డోలమైటు బండలపై గుండ్రని వలయాలు, ఉల్లిపాయ పొరలను పోలిన గుర్తులు కనిపిస్తాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. చెట్లు, జంతువులు పుట్టక ముందు లోతులేని సముద్రంలో పెరిగిన సూక్ష్మజీవుల తెట్టెలు రాయిగా మారగా ఏర్పడిన ఆనవాళ్లివి. సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి ఈ జీవపు గుర్తులను రైతులు పశువులు తోలుకుపోతూ రోజూ తొక్కుతూనే ఉంటారు. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం లభిస్తున్నది కూడా ఈ వేంపల్లె రాతి పొరలోనే.

గండి: పాపఘ్ని తీరం

వేంపల్లె దాటిన తరువాత పాపఘ్ని రెండు కొండల నడుమ నుంచి వెలువడే చోట వీరాంజనేయస్వామి క్షేత్రం ఉంది. శ్రీరాముడు బాణం కొనతో బండపై ఆంజనేయుని రూపాన్ని గీశాడని స్థలపురాణం. రెండు కొండలను కలుపుతూ బంగారు తోరణం ఉందని, అది అంత్యకాలం సమీపించిన పుణ్యాత్ములకే కనిపిస్తుందని జనశ్రుతి. దత్తమండలాల తొలి కలెక్టరు, అనంతరం మద్రాసు గవర్నరు అయిన థామస్ మన్రోకు ఆ తోరణం కనిపించిందని ఇక్కడివారు చెప్పుకొంటారు. ఆయన 1827 జులైలో పత్తికొండ వద్ద కలరాతో మరణించారు. శ్రావణ శనివారాల్లో భక్తులు పెద్దసంఖ్యలో తరలివస్తారు. సమీపంలోని ఇడుపులపాయ లోయ కూడా చూడదగినదే. ఇక్కడి నుంచి పాపఘ్ని సాగి కమలాపురం వద్ద పెన్నలో కలుస్తుంది. అంతటితో మూడు నదుల కథ ముగుస్తుంది.

కాపాడుకోవలసిన సంపద

ఈ దారిలో రాయి ఒక చోట జీవనోపాధి, మరో చోట దర్శనీయ స్థలం. గనిలో పనిచేసే కూలీకి, బండలు కోసే కుటుంబానికి అన్నం పెట్టేది అదే. అయితే కోటను నిలిపే చట్టం, కోట కింది లోయను, దారి పక్కన ఉన్న స్ట్రోమటోలైటు బండను ఆదుకోవడానికి చాలదు. భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రకటించిన జాతీయ భూగర్భ స్మారకాల్లో కడప సీమ నుంచి మంగంపేట ముగ్గురాయి నిక్షేపానికి చోటు దక్కింది. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్రం 2022లో ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. గండికోట పర్యాటక అభివృద్ధికి 2024లో కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. వసతులతో పాటు ఏ రాయి ఏమిటో, ఎంత పాతదో తెలిపే ఫలకాలు కూడా ఏర్పాటైతే, బడి పిల్లలకు ఈ దారే పాఠశాల అవుతుంది. తవ్విన రాతిని తిరిగి పేర్చలేం. ఏది తవ్వాలో, ఏది వదలాలో ముందుగా గుర్తించడమే మార్గం.

ప్రయాణికులకు సూచనలు

* ఎర్రగుంట్ల, ముద్దనూరులలో రైలు దిగవచ్చు. ఎర్రగుంట్ల-నంద్యాల మార్గంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు స్టేషన్లు కూడా ఉన్నాయి.
* చిలమకూరు, కలమళ్ల, గండికోట, మైలవరం ఒక రోజు. బెలూం ఒక రోజు. పార్నపల్లె, వేంపల్లె, గండి మరో రోజుగా విభజించుకుంటే తొందర ఉండదు.
* అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల సమయం. వేసవిలో రాళ్లు కాలిపోతాయి. ఉదయం, సాయంత్రం వేళల్లోనే వెళ్లడం మేలు.
* గండికోట లోయ అంచు అంతటా కంచె ఉంటుందని భావించరాదు. ఫొటోల కోసం అంచు బండలపైకి వెళ్లడం ప్రాణాపాయం. వాన పడినప్పుడు బండలు జారుతాయి. పిల్లల చేయి వదలకూడదు.
* జలాశయాల్లోకి, పాపఘ్నిలోకి లోతు తెలియకుండా దిగరాదు.
* స్ట్రోమటోలైటు బండలను, శాసనాలను గీకడం, పగలగొట్టడం, పేర్లు చెక్కడం తగదు. తాగునీరు వెంట తీసుకెళ్లి, ఖాళీ సీసాలను తిరిగి తెచ్చుకోవాలి.